సాక్షి సంతకం

మధురవాడలో మా ఆఫీసుకు రెండు వీధుల అవతల ఒక నరాల డాక్టరు క్లినిక్ ఉంది. మెడనొప్పి భరించలేక పోయిన నెల అక్కడికి వెళ్ళాను. అప్పుడే వాన వెలిసింది. లోపల స్పిరిట్ వాసన, తడిసిన గొడుగుల వాసన, ఆ రెండింటినీ తొక్కేస్తూ కొత్త ఫ్లెక్సీ రంగు వాసన. ఆ ఘాటు నాకు ఎక్కడున్నా తెలిసిపోతుంది, వృత్తి అలాంటిది. ఎటువైపు నుంచా అని తల తిప్పి చూశాను. ఎదుటి గోడ మీద మనిషెత్తు ఫ్లెక్సీలో పైడిరాజు బాబాయ్ నన్నే చూస్తున్నారు. కళ్ళజోడు నుదుటి మీదకు తోసుకుని, ఏదో అడగబోయి ఆగినట్టు పెదవులు కొంచెం తెరిచి. ఆయన తల మీద పెద్ద పెద్ద అక్షరాలు: "మతిమరుపు మొదలైందా? ఆలస్యం చేయకండి."

కూర్చుండిపోయాను. రిసెప్షన్‌లో అమ్మాయి నా పేరు రెండుసార్లు పిలిచిందట, వినపడలేదు. బాబాయ్ పోయి మూడేళ్ళు. ఇది చదువుతున్నవాళ్ళెవరూ ఆయనను కలిసి ఉండరు, పేరు కూడా విని ఉండరు. మొహం మాత్రం ఎక్కడో ఒకచోట చూసే ఉండొచ్చు. ఆ మొహాన్ని ఊళ్ళ మీదకు పంపింది నేనే కాబట్టి, ఆ మనిషి ఎవరో చెప్పవలసింది కూడా నేనే.

ఉక్కునగరంలో మా క్వార్టరు ఎదురుగానే ఆయన క్వార్టరు ఉండేది. మా నాన్న గోదావరి జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, ఆయనతో ఒకే షిఫ్టులో చాలా ఏళ్ళు పనిచేశాడు. బాబాయ్ ఇక్కడి మనిషే. మిల్లులోంచి వచ్చే ఉక్కు కడ్డీలను పరీక్షించి, పగులూ గీతా లేవని తేలితే ముద్ర వేసి బయటికి వదిలే ఇన్‌స్పెక్టరు. ఆయన ముద్ర లేనిదే కడ్డీ గేటు దాటదని నాన్న గొప్పగా చెప్పేవాడు, ఆ ఉద్యోగం తనదే అన్నట్టు. రిటైరైనప్పుడు తోటివాళ్ళంతా కలిసి ఒక కెమెరా కొనిచ్చారు. క్వార్టరు ఖాళీ చేసి, దువ్వాడలో రైలు పట్టాలకు దగ్గరగా రెండు గదుల ఇంట్లో చేరారు. పిన్ని అప్పటికే పోయింది. పిల్లలు లేరు. ఆ కెమెరాతో ఆయన ఒక వింత పనిలో పడ్డారు. తీసిన ఫోటోలు ఒక సైటుకు పంపితే, అక్కడివాళ్ళు పరీక్షించి, నచ్చితే దాచిపెడతారు. ప్రపంచంలో ఎవరికి ఏ బొమ్మ కావాలన్నా అందులోంచి కొనుక్కుని వాడుకుంటారు. వాటిని స్టాక్ ఫోటోలంటారు.

నేను డిగ్రీ పూర్తిచేసి, ఉద్యోగం దొరక్క, ఎవరు పలకరించినా కస్సుమనే రోజులవి. అమ్మ కూర క్యారియరు ఇచ్చి దువ్వాడ పంపించేది, ఆయనకు తిండి కోసమో నన్ను ఇంట్లోంచి కదిలించడం కోసమో తెలియదు. ఒకరోజు నా ఫోనులోని ఫోటోలు చూసి, "నీకు సూపుంది సుధమ్మా. సూడ్డం మాత్రం రాదు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే స్నేహితురాలి కెమెరా అడిగి పట్టుకెళ్ళి, సముద్రం మీద పొద్దుపొడుపు తీసి, గర్వంగా ఆయన ముందు పెట్టాను.

ఆయన ఆ ఫోటోను కంప్యూటర్లో నూటికి నూరు శాతం పెద్దది చేశారు. ఎడమవైపు పై మూల నుంచి మొదలుపెట్టి కుడికి, కొంచెం కిందకు జరిపి మళ్ళీ ఎడమకు, పొలం దున్నుతున్నట్టు చూసుకుంటూ వెళ్ళారు. పావుగంటయినా సూర్యుడి దాకా రాలేదు.

"బాబాయ్, అసలు ఫోటో మధ్యలో ఉంది" అన్నాను.

"మద్దిలో అందరూ సూత్తారమ్మా. పగులెప్పుడూ మూలనుంటాది" అన్నారు తల తిప్పకుండా. తర్వాత ఆకాశంలో నల్లటి చుక్క ఒకటి చూపించారు. "ఇదేటి, పిట్టా?" పిట్ట కాదు. పోర్టు వైపు నుంచి వచ్చే ఎర్ర ధూళి, లెన్సు మార్చినప్పుడు కెమెరా లోపలికి దూరింది. అలాంటి చుక్కలు వెతికి వెతికి చూపించారు. చివరికి కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, "నీ సముద్రం కుడిపక్కకి ఒంగిపోయింది. ఇంకాసేపు ఒగ్గేత్తే నీళ్ళన్నీ ఒలికిపోతాయి" అన్నారు. ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. చాలా నెలల తర్వాత నాకు వచ్చిన నవ్వు అదే.

అలా మొదలైంది నా చదువు. లెన్సు మార్చేటప్పుడు కెమెరా మొహం నేలకేసి పెట్టాలి. సముద్రపు ఉప్పు అద్దానికి పడుతుంది, ఇంటికి రాగానే తుడవాలి. నీడల్లో ఇసుక రాలినట్టు గరగర కనిపిస్తే ఆ ఫోటో పంపకూడదు, పదును పెంచి దాన్ని కప్పెట్టాలని అసలు చూడకూడదు. పడవ మీద కంపెనీ పేరు, చొక్కా మీద గుర్తు ఉంటే చెరపాలి. ఒకేలాంటివి పది తీస్తే ఒక్కటే పంపాలి. "పదీ పంపితే సూసీవోడికి ఇసుగెత్తదేటి? నీకే ఏది మంచిదో తెల్దనుకుంటాడు" అనేవారు. ఫోటోకు మాటలు జతచేసేటప్పుడు నేను ఆశ, జీవితం, ఆనందం అని రాస్తే ఒక్కొక్కటే కొట్టేసేవారు. "వలుంటే వలని రాయి. ఆశ నీకు కనపడిందేటి ఇందులో? ఎక్కడ, సూపించు." సైటువాళ్ళు ఫోటో తిప్పి పంపితే నేను మంచమెక్కేదాన్ని. ఆయనకు మాత్రం తిప్పి పంపినవాడి మీదే గౌరవం. తనూ అదే పని చేశానుగా అనేవారు.

వీటన్నిటికంటే ఆయన పట్టుబట్టే సంగతి ఇంకొకటుంది. ఫోటోలో మనిషి మొహం కనిపిస్తే ఆ మనిషి ఒప్పుకున్నట్టు కాగితం కావాలి. రిలీజ్ ఫారం అంటారు. ఇంగ్లీషులో ఉంటుంది. ఫోటోలో ఉన్నవాళ్ళు, తీసినవాళ్ళు, ఒక సాక్షి, ముగ్గురూ సంతకాలు పెట్టాలి. అందరూ దాన్ని చప్పున పెట్టించేసుకునే కాగితంగానే చూస్తారు. బాబాయ్ మాత్రం ప్రతి మనిషికీ దాన్ని తెలుగులో చదివి వినిపించేవారు, అదీ చెడ్డది ముందు.

ఒకసారి ఫిషింగ్ హార్బరు దగ్గర ఎండుచేపలు తిరగేస్తున్న ఒకావిడను తీశాను. వెలుగు అద్భుతంగా ఉంది. బాబాయ్ ఆవిడ పక్కన గట్టు మీద కూర్చుని మొదలుపెట్టారు. "అమ్మా, ఈ బొమ్మ ఎవలు కొంటారో మనకి తెల్దు. సబ్బు అట్ట మీద ఎయ్యొచ్చు. రోగం మందు మీద ఎయ్యొచ్చు. మొగుడొగ్గేసిన ఆడదాని కతకీ ఎయ్యొచ్చు. సూసినోల్లు నువ్వే అనుకుంటారు. అమ్మేసినాక వెనక్కి రాదు. ఆలోసించి సెప్పు."

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని పకపకా నవ్వింది. "నా మొగుడు అదిగో, బోటు కడగతన్నాడు. అలాటి బొమ్మ సూత్తే నిజంగానే ఒగ్గేత్తాడు. నాకొద్దు బాబూ!"

బాబాయ్ ఆవిడ కళ్ళ ముందే ఆ ఫోటో చెరిపేశారు. దారి పొడుగునా నేను సణుగుతూనే ఉన్నాను. మంచి సంగతులు ముందు చెప్పొచ్చుగా, ఎందుకలా బెదరగొడతారు అని. బస్సు కోసం నిలబడి, నొప్పి పుడుతున్న మోకాలు తడుముకుంటూ ఆయన అన్నారు: "మంచిది ఆల్లే అనుకుంటారమ్మా. సెడ్డది మనం సెప్పకపోతే ఆల్లకి ఎలా తెలుత్తాది?"

ఆ మోకాళ్ళే మా కొంప ముంచాయి. ఏడాది తిరిగేసరికి ఆయన గుమ్మం దిగడం కష్టమైంది. సముద్రం ఒడ్డుకు నేను ఒక్కదాన్నే వెళ్ళేదాన్ని. సాక్షి గడి నింపడానికి అక్కడ ఎవరినో బతిమాలడం, వాళ్ళు అనుమానంగా చూడడం, వెలుగు పోవడం. ఒకరోజు ఆయన పది ఖాళీ ఫారాలు తీసి, అన్నింటిలో సాక్షి గడిలో తన సంతకం పెట్టి నా చేతికిచ్చారు. గుండ్రటి అక్షరాలు, కింద రెండు చుక్కలు.

"సదివి ఇనిపిత్తావు కదా?"

"వినిపిస్తాను బాబాయ్."

"సెడ్డది ముందు."

"చెడ్డదే ముందు" అన్నాను, చిన్నపిల్ల ఎక్కం అప్పజెప్పినట్టు.

కొర్లయ్య మామను తీసింది ఆ తర్వాత నెలలో. అరవై దగ్గర పడిన జాలరి. వేట నుంచి వచ్చాక తన గుమ్మం ముందు కూర్చుని వల బాగుచేసుకునేవాడు. నేను వెళ్ళినప్పుడల్లా "రా తల్లీ" అని పీట జరిపేవాడు. ఎండకూ ఉప్పుగాలికీ కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. ఆ సాయంత్రం అలిసిపోయి, గడ్డం మోకాలి మీద ఆనించి, ఎటో చూస్తున్నాడు. వేళ్ళలోంచి వల జారిపోతోంది. మూడంటే మూడే తీశాను. రెండోది తీస్తుండగానే నాకు తెలిసిపోయింది, ఇలాంటిది మళ్ళీ దొరకదని. ఫారం తీశాను. చదివితే వద్దంటాడేమోనని భయం వేసింది. ఆ చేపలావిడ నవ్వు గుర్తొచ్చింది.

"ఇది దేనికి తల్లీ?" అన్నాడు.

"ఏం లేదు మామా, బొమ్మ తీసినందుకు గుర్తు."

బొటనవేలు లుంగీకి తుడుచుకుని, "ఎక్కడెట్టాలో సూపించు" అన్నాడు. చూపించాను. పక్క గడిలో బాబాయ్ సంతకం అప్పటికే సిద్ధంగా ఉంది.

బాబాయ్ ఆ ఫోటోను మూల నుంచి మూల దాకా చూసి, "పగులు నేదు" అన్నారు. ఆయన నోటి నుంచి అంతకు మించిన మెచ్చుకోలు ఉండదు. తర్వాత, "సెడ్డది ఇని ఏటన్నాడు?" అని అడిగారు.

"నవ్వాడు" అన్నాను.

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. సైటువాళ్ళు మొదటిసారికే తీసుకున్నారు. నేను తీసిన వాటిలో ఎక్కువమంది కొన్నది అదే. అలా కొన్నవాళ్ళలో మరో ఊళ్ళోని ఒక తాగుడు మాన్పించే కేంద్రం ఉంది. వాళ్ళ పోస్టర్లు తిరిగి తిరిగి మా ఊరికే వచ్చాయి. హార్బరు దగ్గర బస్టాపులో చూశాను. కొర్లయ్య మామ కళ్ళలో ఎరుపు ఇంకా పెంచారు. "తాగుడు మీ ఇంటిని ముంచేస్తోందా?" అని అడుగుతున్నాయి పైన అక్షరాలు. కింది మూలన, వంగి చూస్తే తప్ప కనిపించనంత సన్నగా, 'ఫోటోలోని వ్యక్తి నమూనా మాత్రమే' అని, పక్కన నా పేరు.

కొర్లయ్య మామ చుక్క ముట్టడు. వాళ్ళన్న తాగి పడవ మీంచి సముద్రంలో పడి పోయాడు. శవం రెండో రోజు ఒడ్డుకు వచ్చింది. ఆ రోజు నుంచి మామ తాగలేదు, తాగినవాడితో వేటకు వెళ్ళలేదు. వీధిలో మొగుళ్ళు తాగి వస్తే ఆడవాళ్ళు ఆయన దగ్గరకే వెళ్ళి చెప్పుకునేవారు. ఆయన వచ్చి నాలుగు మాటలంటే ఎంతటివాడైనా తల దించుకునేవాడు. ఆ మాట విలువే ఆయన సంపాదన. పోస్టరు చూసి తెలిసినవాళ్ళు నవ్వారు, తెలియనివాళ్ళు నమ్మారు. బుద్ధి చెప్పబోతే కుర్రాళ్ళు, "ముందు నువ్వు మానేయ్ తాతా" అనడం మొదలుపెట్టారు.

మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు దువ్వాడ వెళ్ళి బాబాయ్ ముందు అంతా కక్కేశాను. ఆయన కేకలేస్తారనుకున్నాను. లేచి వెళ్ళి ఫైల్లోంచి ఆ ఫారం తీసి, తన సంతకం వైపు చాలాసేపు చూశారు. 

"సదవలేదన్నమాట."

తల అడ్డంగా ఊపాను.

"సర్వీసంతా సూడకుండా ఒక్క కడ్డీకి ముద్దరెయ్యనేదు నాను" అన్నారు మెల్లగా. "మనిషికేసేసినాను." ఆ మాటలో నా మీద కోపం లేదు. అందుకే ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతాను.

ఆ మధ్యాహ్నమే ఆటోలో బయలుదేరాం. కొర్లయ్య మామ గుమ్మం ముందు లేడు. తలుపు దగ్గరకు వేసి ఉంది. పట్టపగలు లోపల బల్బు వేసుకుని, ఇరుకు గదిలో గోడకు చేరి వల అల్లుతున్నాడు. నన్ను చూసి పీట జరపలేదు.

బాబాయ్ మోకాళ్ళు పట్టేస్తున్నా నేల మీద కూర్చున్నారు. ఫారం తీసి మొదటి గీత నుంచి చివరి గీత దాకా తెలుగులో చదివారు. కొర్లయ్య మామ అల్లడం ఆపి విన్నాడు.

"ఇప్పుడు సదివితే ఏటి లాభం బాబూ?"

"లాభం నేదు కొర్లయ్యా. సదవకుండా సదివినట్టు సంతకమెట్టింది నాను. అది నీకు సెప్పాల."

"ఇదే ఆవేల సెప్పుంటే నాను యేలెట్టీవోడ్ని కాదు." అప్పుడు నా వైపు తిరిగాడు. "నాను తాగనని నీకు తెల్సు కదా తల్లీ?"

"తెలుసు మామా."

"మరేటి?"

వెలుగు బాగుందని చెప్పనా? మామ తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. మళ్ళీ వల అందుకున్నాడు.

ఆ ఫోటోను సైటులోంచి తీయించాం. ఆ కేంద్రానికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం. తాము పద్ధతి ప్రకారమే కొన్నామని, ఫారం అన్నివిధాలా సరిగ్గా ఉందని, సాక్షి సంతకం కూడా ఉందని మర్యాదగా జవాబిచ్చారు. పోస్టరు ఆ ఏడాదంతా బస్టాపులోనే ఉంది. అచ్చులో ఎరుపు ఎండకు తొందరగా వెలిసిపోతుంది. కొన్నాళ్ళకు మామ మొహం నీలంగా మిగిలింది, కళ్ళు కూడా. నేను స్నేహితురాలి కెమెరా తిరిగిచ్చేశాను.

రెండు నెలల తర్వాత బాబాయ్ కబురు పెట్టారు. వెళ్ళేసరికి పక్కింటావిడ కుర్చీలో కూర్చుని ఉంది. బల్ల మీద ఆయన కెమెరా, ఒక ఖాళీ ఫారం.

"నా బొమ్మ తియ్యి" అన్నారు. వద్దన్నాను. వినలేదు. కిటికీ వెలుగులో కూర్చోబెట్టి తీశాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని ఏదో అడగబోతుండగా పడిన ఫోటో అది. ఆ అడగబోయింది ఏమిటంటే, "సదవ్వేటి?"

చదివాను. "మీ బొమ్మ జబ్బుల ప్రకటనల్లో రావచ్చు."

"ఏ జబ్బు? పేరెట్టి సెప్పు."

"మతిమరుపు... పక్షవాతం... పిచ్చి." కాగితం మీద వేలు కింది గీతకు జరిపాను. "ఎవరూ లేని ముసలివాళ్ళ గురించి రాసినప్పుడు వేయొచ్చు. చూసినవాళ్ళు మీరే అనుకుంటారు."

"నాను పోయాకో?"

"అప్పటికీ ఉంటుంది బాబాయ్. తీయించలేం."

"అదీ. ఇష్టమైనోల్ల మొకం మీద సెప్పగలిగితే ఎవల మొకం మీదైనా సెప్పగలవు" అని సంతకం పెట్టారు. ఫోటో తీసినవాళ్ళ గడిలో నేను పెట్టాను. మొదటి నుంచీ విన్న పక్కింటావిడ కళ్ళొత్తుకుంటూ సాక్షి గడిలో పెట్టింది. ఆ ఫోటో నా చేతనే సైటుకు పంపించి, కెమెరా కూడా నాకే ఇచ్చేశారు. ఆ పై ఏడాది, గుండె ఆగి, నిద్రలోనే పోయారు.

ఇప్పుడు ఫ్లెక్సీలు అచ్చువేసే ఆఫీసులో, అచ్చుకు వెళ్ళే ముందు ఇతరుల ఫోటోలు పరీక్షించడమే నా ఉద్యోగం. ఆదివారాలు ఆయన కెమెరాతో తిరుగుతాను. ఎవరిని తీసినా కాగితం చదువుతాను, చెడ్డది ముందు. సగం మంది వద్దంటారు. వాళ్ళ ముందే చెరిపేస్తాను. కొర్లయ్య మామ ఇప్పుడు గుమ్మం ముందే కూర్చుంటున్నాడు. ఆ వీధికి మాత్రం కెమెరా తీసుకెళ్ళను. "ఏటి తల్లీ" అంటాడు. పీట జరపడు.

క్లినిక్‌లో నా వంతు వచ్చింది, డాక్టరుకు మెడ చూపించుకున్నాను. బయటికి వస్తుంటే రిసెప్షన్ అమ్మాయి నా చూపు కనిపెట్టి అడిగింది. "తెలిసినవారా మేడమ్? పాపం, ఇంట్లోవాళ్ళని కూడా గుర్తుపట్టలేకపోతున్నారా?"

చూసినవాళ్ళు మీరే అనుకుంటారని ఆయనకు చెప్పాను. అన్నీ విని ఒప్పుకున్నారు. నేనే ఒప్పుకోలేకపోయాను.

"ఆయనకు ఆ జబ్బు లేదమ్మా. పోయేదాకా ఏదీ మరిచిపోలేదు. కింద రాసి ఉంటుంది, చూడు."

ఫ్లెక్సీ కింది భాగం కుర్చీల వెనక ఉంది. ఒక కుర్చీ జరిపాను. ఆ అమ్మాయి వంగి చదువుకుని, "ఓ, నమూనానా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నేను అలవాటుగా ఎడమవైపు పై మూల నుంచి మొదలుపెట్టాను. జుట్టు, నుదుటి మీద కళ్ళజోడు, అడగబోతున్న పెదవులు, ఎక్కడా మచ్చ లేదు. కింది మూల దాకా వచ్చాను. పగులెప్పుడూ మూలనుంటుందనేవారు. అక్కడ, వంగితే తప్ప కనిపించనంత సన్నగా, నా పేరు ఉంది.